రాత్రి రెండుంబావు

తెర మీద తొమ్మిది గళ్ళు.
ఒకటి వెలుగుతుంది, ఆరిపోతుంది. మరొకటి. ఇంకోటి.
వెలిగిన వరసలోనే వేలితో ముట్టుకోవాలి.
ఇంతే ఆట.
చిన్నపిల్లల ఆట కదే మెరన్, అంటుంది మా చెల్లెలు.
దానికేం,
దాని తలలో తీగలకి తొడుగు ఊడిపోలేదు.

వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట,
వంటింటి బల్ల మీద రొట్టె పొడి తుడిచేసి.
ఆర్క్నీలో జనవరి. తొమ్మిదింటికి గానీ తెల్లారదు.
బయట గాలి,
ఈ దీవుల్లో చెట్టన్నదాన్ని నిలబడనివ్వని గాలి.
లోపల నేను,
నాలుగో గడిని గట్టిగా పట్టుకుని
ఐదో గడిని జారవిడుచుకుంటూ.

ఇరవై ఏళ్ళు హోయ్ దీవికెళ్ళే పడవలోకి బళ్ళు ఎక్కించాను.
ఫ్లెట్ వాళ్ళ ట్రాక్టర్ ఎడం పక్కకి.
పశువుల డాక్టరు కారు అన్నిటికన్నా ముందు,
అక్కడ ఆవు ఈనుతుంటే ఆయన ఆగలేడు.
గొర్రెల బండి గాలివాలుకి.
కాగితం చూసి ఎరగను.
పడవ పడవంతా నా తలలో ఒరగకుండా నిలిచేది.
ఒకరోజు రొట్టెల వ్యానుకి చోటు చూపించబోయి
చెయ్యి ఎత్తాను.
ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.
వెనక ఎవరో హారన్ కొట్టారు.

మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు.
అందరూ కాళ్ళ సంగతే అడుగుతారు, కర్ర కనబడుతుంది కనక.
మాట కోసం తడుముకునేటప్పుడు
ఊతానికి ఏ కర్రా ఉండదు.
ఓసారి కెటిల్ పేరు గుర్తు రాక
"అదే, ఆ నీళ్ళు అరిచేది" అన్నాను.
ఎర్లెండ్ నవ్వలేదు.
నవ్వితే బాగుండేది.

శుక్రవారాలు కర్క్‌వాల్ ఆసుపత్రి నుంచి మిస్ హార్కస్ ఫోన్ చేస్తుంది.
"మీరు బాగా ఆడితే ఆట కష్టమవుతుంది,
తడబడితే దానంతటదే దిగొస్తుంది" అంది మొదటి రోజు.
"ఆటలో పెరిగిన అంకె వంటింటి పనిలోకి ఎంత దిగుతుందో
నేను మాటివ్వలేను" అని కూడా అంది.
ఆ రెండో ముక్కకే ఆమెని నమ్మాను.

పదకొండో మెట్టు మీద మూడు వారాలు.
పదకొండు. పదకొండు. మళ్ళీ పదకొండు.
లాప్‌టాప్ మూత ఠపీమని వేశాను.
మూల కూర్చుని పీతల బుట్టలు అల్లుతున్న ఎర్లెండ్
తలెత్తలేదు.

మర్నాడు గళ్ళు ఆగి ఆగి వెలిగాయి,
నా పక్కన నా నడకే నడుస్తున్నట్టు.
ఒక్క తప్పు లేదు!
ఒక్కదాన్నే కేక పెడితే కుక్క లేచి నించుంది.
ఆ మధ్యాహ్నం బంగాళదుంపల సూప్ కాచాను.
ఉప్పు ఒక్కసారే వేశాను.

శుక్రవారం మిస్ హార్కస్ అడిగింది,
"మంగళవారం రాత్రి రెండుంబావుకి ఆడారేం? నిద్ర పట్టలేదా?"
రెండుంబావుకి నేను
కాళ్ళ బిగుతుకి వేసుకున్న మాత్ర మత్తులో ఉన్నాను.
"అవునండీ, పట్టలేదు" అన్నాను.
ఫోన్ పెట్టేసి వెతికాను. ఉంది.
నలభై నిమిషాలు. పదకొండు నుంచి ఎనిమిదికి,
ఎనిమిది నుంచి ఐదుకి.

సముద్రంలో ఏ బుట్ట ఎక్కడ దించాడో
ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ మరవని మనిషి
నా కుర్చీలో కూర్చుని,
కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి,
ఆ లావు వేళ్ళతో
గడి వెంట గడి ఓడిపోయాడు.
నా కోసం ఓడాడా?
నేను రోజూ ఎక్కడికెళ్ళి వస్తున్నానో చూద్దామని కూర్చుని
నిజంగానే ఓడాడా?
అడగలేదు.
మరిచిపోనూ లేదు, చూడండి, ఈ ఒక్కటీ.

ఇవాళ ఏడో మెట్టు. ఎవరూ దించని ఏడు.
చీకటి పడ్డాక తడి బూట్లతో లోపలికొచ్చి
"ఏం పెట్టను పొయ్యి మీద?" అన్నాడు.
"అదే, ఆ నీళ్ళు అరిచేది" అన్నాను.
ఓ క్షణం నా మొహంలోకి చూసి
నవ్వాడు.
మాట నాలుక మీదే ఉంది.
ఈసారి నేనే ఓడాను.